థండర్ వేయాలా, థండర్‌బోల్ట్ వేయాలా?

(వేసవి సెలవుల్లో నల్లగొండలో బడిపిల్లలకూ, వాళ్లతో వచ్చిన పెద్దలకూ ఒక లెక్కల టీచర్ చేసిన ప్రసంగానికి రాతరూపం. బోర్డు మీద వేసిన లెక్కల్ని మాటల్లోకి మార్చాం.)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో క్లాక్ టవర్ సెంటర్ దాటుకొని ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. వెనక నిలబడ్డ అన్నలూ, ముందుకు రండి, ఫ్యాను కింద ఇంకా జాగా ఉంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. పిల్లలు ఈ పోకెమాన్ ఆట ఆడాలా వద్దా, ఫోన్ ఎంతసేపు ఇవ్వాలి అనే పంచాయతీ నేను తీర్చను. అది మీ ఇళ్లలో తేల్చుకోండి. (నవ్వులు) నన్ను పిలిచింది లెక్క చెప్పమని. మా బడిలో కొందరు పిల్లలు ఇంటర్వెల్‌లో ఒకటే వాదన: ఆటలోని పికాచు అనే జీవికి థండర్ అనే దెబ్బ మంచిదా, థండర్‌బోల్ట్ అనే దెబ్బ మంచిదా? ఒకడేమో పవర్ ఎక్కువ ఉన్నదే మంచిదంటాడు. ఇంకొకడు తప్పకుండా తగిలేదే మంచిదంటాడు. ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇవాళ ఈ బోర్డు, ఈ చాక్‌పీసు.

పెద్దవాళ్ల కోసం రెండు మాటలు. పోకెమాన్ అంటే మీకు టీవీలో కనిపించిన పసుపుపచ్చ ఎలుక గుర్తుకొస్తుంది, పికాచు అంటే అదే. టీవీ బొమ్మ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఆటే. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టుకొని ఆడే యంత్రం మీద రెడ్, గ్రీన్ అని రెండు ఆటలు విడుదలయ్యాయి. తయారుచేసింది గేమ్ ఫ్రీక్, అమ్మింది నింటెండో. ఆలోచన సతోషి తాజిరిది. చిన్నప్పుడు పురుగుల్ని పట్టి పోగుచేసే పిల్లవాడు ఆయన. ఆ రోజుల్లో ఆటలో 151 జీవులు ఉండేవి, ఇప్పుడు వెయ్యి దాటాయి. వాటిని పట్టడం, పెంచడం, ఒకదానితో ఒకటి పోటీ పెట్టించడం, ఆట అంతా ఇదే.

పోటీ ఎట్లా జరుగుతుందంటే, ఒక్కో జీవికి నాలుగే మూవ్‌లు, అంటే అది వేయగల దెబ్బలూ ఎత్తులూ. ఐదోది నేర్వాలంటే ఒకటి మర్చిపోవాలి. ప్రతి టర్నులో ఇద్దరు ఆటగాళ్లూ తమ మూవ్‌ను ఒకరికొకరు తెలియకుండా ఒకేసారి ఎంచుకుంటారు. ఆ తర్వాత ఏది ముందు, ఏది వెనక అనేది ఆట తేలుస్తుంది. ఈ 'తెలియకుండా' అన్నది గుర్తుపెట్టుకోండి, దానితో చాలా పని ఉంది.

ప్రతి మూవ్‌కూ ఒక చిట్టా ఉంటుంది. థండర్‌బోల్ట్ తీసుకుందాం. టైప్, అంటే దాని జాతి, ఎలక్ట్రిక్. పవర్ 90. అక్యురసీ 100, అంటే మామూలుగా గురి తప్పదు. పీపీ 15, అంటే పదిహేనుసార్లు వాడుకోవచ్చు. పక్కనే థండర్ రాస్తున్నాను. టైప్ అదే. పవర్ 110. అక్యురసీ 70. పీపీ 10. మూవ్‌లన్నిటి పీపీ అయిపోతే ఆ జీవి స్ట్రగుల్ అని గుడ్డిగా మీదపడుతుంది, తనకే దెబ్బ తగిలించుకుంటుంది. అక్కడిదాకా పోయే ఆటలు తక్కువ, దాన్ని వదిలేద్దాం.

ఇప్పుడు అసలు లెక్క. దెబ్బ ఎంత పడుతుంది?

జీవి లెవెల్‌ను, అంటే అది ఎంత ఎదిగిందో చెప్పే అంకెను, రెండుతో గుణించి, ఐదుతో భాగించి, రెండు కలపండి. లెవెల్ 50 అయితే అది 22. దాన్ని మూవ్ పవర్‌తో గుణించండి. కొట్టేవాడి దాడి బలంతో గుణించండి. దెబ్బ తినేవాడి రక్షణ బలంతో భాగించండి. వచ్చినదాన్ని యాభైతో భాగించి రెండు కలపండి. ఇది పునాది. దీని మీద మళ్లీ గుణకారాలు పడతాయి. మొదట అదృష్టం: 85 నుంచి 100 శాతం మధ్యలో ఏదో ఒక అంకె, మొత్తం పదహారు అవకాశాలు, అన్నీ సమానం. తర్వాత, మూవ్ టైపూ దాన్ని వేసే జీవి టైపూ ఒకటే అయితే ఒకటిన్నర రెట్లు. చివరగా, ఎదుటివాడి టైప్ మీద ఆ మూవ్ ఎంత పనిచేస్తుందన్నది. మెట్టుమెట్టుకూ దశాంశాలను ఆట కోసిపారేస్తుంది. ఈ కోత చిన్న విషయం అనిపిస్తుంది కానీ కాదు, కాసేపట్లో చూస్తారు.

ఇందులో లెక్కల సార్‌గా నాకు నచ్చినది ఒకటుంది. చాలా ఆటల్లో దాడిలోంచి రక్షణను తీసేస్తారు, మిగిలింది దెబ్బ. ఇక్కడ తీసివేత లేదు, భాగహారం ఉంది. అందుకని ఎంత బక్క జీవి కొట్టినా, ఎంత గట్టి జీవికైనా కొంచెమైనా తగులుతుంది. బలహీనుడి దెబ్బను ఈ సూత్రం సున్నా చేయదు. ఈ సూత్రంలో సున్నా చేసేది ఒక్క టైపే. గుణకారంలో ఒక్క సున్నా పడితే ముందున్నవన్నీ గాలికి పోతాయి కదా. గ్రౌండ్ టైప్ జీవి మీద ఎలక్ట్రిక్ మూవ్ వేస్తే సున్నా. కరెంటు నేలలోకి పోతుందన్న సంగతి బోరు మోటారు ఉన్న ఏ ఇంట్లోనైనా తెలుసు.

టైపులు మొదట్లో పదిహేను. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటల్లో డార్క్, స్టీల్ కలిశాయి. 2013లో ఎక్స్, వై ఆటల్లో ఫెయిరీ కలిసింది. ఇప్పుడు పద్దెనిమిది. నిప్పు మీద నీళ్లు రెండింతలు, నీళ్ల మీద గడ్డి రెండింతలు, గడ్డి మీద నిప్పు రెండింతలు. ఈ మూడు చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. అసలు తమాషా ఏంటంటే, చాలా జీవులకు రెండేసి టైపులు ఉంటాయి. అప్పుడు రెండు గుణకాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. రెండు రెళ్లు నాలుగు. ఒకటి రెండింతలు, ఇంకొకటి సగం అయితే మళ్లీ మామూలు. రెండూ సగం అయితే పావు.

బోర్డు చూడండి. దాడి, రక్షణ రెండూ నూరు అనుకుందాం. లెవెల్ 50, థండర్‌బోల్ట్. 22 తొంభైలు 1980, యాభైతో భాగిస్తే 39, రెండు కలిపితే 41. వేసేది ఎలక్ట్రిక్ జీవే కాబట్టి ఒకటిన్నర రెట్లు. అదృష్టం బాగుంటే 61, బాగా లేకపోతే 51. సరే, మధ్యలో అంకెలు వదిలేసి పైఅంకె ఒక్కటే చూద్దాం. మామూలు జీవి మీద 61. గడ్డి జీవి మీద 30. నీటి జీవి మీద 122. నీరూ ఆకాశమూ రెండూ ఉన్న జీవి మీద 244. నేల జీవి మీద సున్నా. కొట్టింది అదే పికాచు, వేసింది అదే మూవ్. పవర్ 90 అని చిట్టాలో ఉన్న అంకె ఎక్కడైనా మారిందా? మారలేదు. ఎదురుగా నిలబడ్డది మారింది.

ఇప్పుడు ఆ నీరూ ఆకాశమూ ఉన్న జీవినే పిలుద్దాం. దాని పేరు గ్యారడోస్. పెద్ద నీటిపాములా, కోపం మొహంతో ఉంటుంది. ఇది పుట్టుకతో ఇట్లా ఉండదు. మొదట మ్యాజికార్ప్ అనే ఎర్రచేప. దానికి వచ్చిన మూవ్ స్ప్లాష్. స్ప్లాష్ వేస్తే ఏమవుతుందో తెలుసా? (పిల్లలు: 'ఏం కాదు సార్!') అంతే, ఏమీ కాదు. నీళ్లలో ఎగిరిపడుతుంది. పేరులో కార్ప్ ఉంది చూశారా, మన సాగర్‌లో దొరికే బొచ్చె, రవ్వ ఆ కుటుంబంవే. కార్ప్ చేప నదికి ఎదురీది, జలపాతం ఎక్కితే డ్రాగన్ అవుతుందని చైనావాళ్ల పాత కథ. ఆటలో అది లెవెల్ ఇరవై దగ్గర జరుగుతుంది.

గ్యారడోస్‌కు చాలాకాలం ఒక అన్యాయం జరిగింది, అది కూడా చెప్పాలి. ఆటలో దాడులు రెండు రకాలు: ఒంటితో కొట్టేవి, దూరంనుంచి శక్తితో కొట్టేవి. మొదటివి ఫిజికల్, రెండోవి స్పెషల్. వాటికి బలాలు వేరు, రక్షణలు వేరు. 2006కు ముందు ఈ రకాన్ని మూవ్‌ను బట్టి కాకుండా టైప్‌ను బట్టి నిర్ణయించేవారు. నీటి మూవ్‌లన్నీ స్పెషల్. ఏనుగు బలం ఉన్న గ్యారడోస్‌కు ఆ బలం ఫిజికల్ వైపు ఉంది, స్పెషల్ వైపు చాలా తక్కువ. అంటే సొంత టైప్ మూవ్‌లే దానికి పనికిరాకుండా పోయాయి. 2006లో జపాన్‌లో డైమండ్, పెర్ల్ వచ్చినప్పుడు ఏ మూవ్‌కు ఆ మూవ్ ఫిజికలా స్పెషలా అని విడివిడిగా రాశారు. వాటర్‌ఫాల్ ఫిజికల్ అయింది. గ్యారడోస్‌కు దశ తిరిగింది. జీవి అదే, బలం అదే, మూవ్ మీద ఉన్న ఒక్క చీటీ మారింది.

మళ్లీ లెక్కకు వద్దాం. ఈసారి ఊహ అంకెలు కాకుండా అసలు అంకెలు. రెండూ లెవెల్ 50. పుట్టుకతో వచ్చే బలం నిండుగా ఉంది, ప్రత్యేక శిక్షణ ఏమీ ఇవ్వలేదు, చేతిలో ఏ వస్తువూ లేదు. పికాచు స్పెషల్ దాడి 70. గ్యారడోస్ స్పెషల్ రక్షణ 120, ప్రాణం 170. వేగం పికాచుది 110, గ్యారడోస్‌ది 101, కాబట్టి పికాచుదే మొదటి దెబ్బ.

ఎలక్ట్రిక్ మూవ్ నాలుగింతలు తగులుతుంది కదా, ఒక్క దెబ్బకు పడిపోతుందని ఎంతమంది అనుకుంటున్నారు? చేతులెత్తండి. చాలామంది ఉన్నారు. వేసి చూద్దాం. 22 ఇంటూ 90 ఇంటూ 70, భాగారం 120. వచ్చేది 1155. యాభైతో భాగిస్తే 23, రెండు కలిపితే 25. అదృష్టం బాగా లేకపోతే 21, బాగుంటే 25. ఒకటిన్నర రెట్లు చేసి కోస్తే 31 నుంచి 37. నాలుగుతో గుణిస్తే 124 నుంచి 148. ప్రాణం 170. పడదు! నాలుగింతల బలహీనత ఉన్నా పడదు. 24 సార్లకు ఒకసారి వచ్చే క్రిటికల్ దెబ్బ, అంటే మామూలుకన్నా గట్టిగా తగిలే దెబ్బ, పడితే మాత్రం ఖాయంగా పడుతుంది.

సరే, థండర్ వేద్దాం. పవర్ 110. అదే లెక్క మళ్లీ చేస్తే పునాది 30. దెబ్బ 148 నుంచి 180. అంటే పడే అవకాశం ఉంది. ఎంత? పదహారు అదృష్టపు అంకెల్లో 97, 98, 99, 100 ఈ నాలుగు వస్తేనే 170 దాటుతుంది. 96 వస్తే దెబ్బ 168 దగ్గర ఆగిపోతుంది. రెండంటే రెండు పాయింట్లు మిగిలి గ్యారడోస్ బతికేస్తుంది. దశాంశాల కోత అంటే ఇదే. పదహారింట నాలుగు, అంటే పావు వంతు. అదీ మూవ్ తగిలితే. తగిలేది నూటికి డెబ్బైసార్లు. క్రిటికల్‌ను కూడా కలుపుకుంటే ఒక్క థండర్‌తో గ్యారడోస్ పడే అవకాశం నూటికి ఇరవై దగ్గర ఉంటుంది. థండర్‌బోల్ట్‌తో అయితే క్రిటికల్ ఒక్కటే దిక్కు, నూటికి నాలుగు.

ఇప్పుడు చెప్పండి, ఏది మంచిది? (ఒక పిల్లవాడు: 'థండర్!') ఆగు నాయనా.

గ్యారడోస్ రెస్ట్ అనే మూవ్ వేసిందనుకోండి. ప్రాణమంతా తిరిగి నిండుతుంది, బదులుగా రెండు టర్నులు నిద్రపోతుంది. పికాచుకు రెండు టర్నులు ఉచితం. థండర్‌బోల్ట్ రెండుసార్లు వేస్తే తక్కువలో తక్కువ 248. ప్రాణం 170. అక్కడ అనుమానానికి తావే లేదు. థండర్ రెండుసార్లు వేస్తే? రెండూ తగిలితే పడుతుంది, కానీ రెండూ తగిలేది నూటికి 49 సార్లే. ఒకటే తగిలి, ఆ ఒక్కటే పడగొట్టే అవకాశం కూడా కలిపితే నూటికి అరవై. అంటే బలం తక్కువ మూవ్‌కు నూటికి నూరు, బలం ఎక్కువ మూవ్‌కు నూటికి అరవై.

ఇప్పుడు గ్యారడోస్ మెలకువగా ఉంది, చేతిలో ఎర్త్‌క్వేక్ ఉంది అనుకోండి. గ్రౌండ్ టైప్ మూవ్, పికాచు మీద రెండింతలు. ఆ దెబ్బ తక్కువలో తక్కువ 182. పికాచు ప్రాణం 110. అంటే పికాచుకు దొరికేది ఒకే ఒక్క టర్ను. ఆ ఒక్క టర్నులో థండర్‌బోల్ట్‌కు నూటికి నాలుగు, థండర్‌కు నూటికి ఇరవై. ఇక్కడ థండరే వేయాలి. కబడ్డీ చూసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మొదటి రెండు రైడ్‌లు ఖాళీగా వచ్చినా నష్టం లేదు, బోనస్ గీత దగ్గర ఆడుకొని తిరిగి రావచ్చు. మూడోది డూ ఆర్ డై అయినప్పుడు అదే ఆటగాడు మీదపడి పోవాల్సిందే. అతని బలం మారలేదు, మిగిలిన అవకాశాలు మారాయి.

అందుకే మా పిల్లల వాదన తెగలేదు. వాళ్లు మూవ్‌ల చిట్టాలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. చూడాల్సింది ఇంకెన్ని టర్నులు చేతిలో ఉన్నాయని. ఈ కన్నుతో చూస్తే మూవ్‌లన్నీ వేరేగా కనిపిస్తాయి. హైపర్ బీమ్ తీసుకోండి. పవర్ 150. పిల్లలకు మహా ఇష్టం. కానీ తగిలాక తర్వాతి టర్ను కదలకుండా కూర్చోవాలి. టర్నుకు డెబ్బై ఐదే పడ్డట్టు. థండర్‌బోల్ట్ 90 దీనికన్నా నయం. కానీ ఎదుటి జట్టులో చివరి జీవి మీద వేసి పడగొట్టారంటే? ఆట అయిపోయింది, కూర్చున్నా నిలబడ్డా ఒకటే.

స్వోర్డ్స్ డాన్స్ కూడా అంతే. దెబ్బ వేయదు, ఒక టర్ను తింటుంది, ఫిజికల్ దాడి రెండింతలు చేస్తుంది. మావాళ్లు దాన్ని వేస్ట్ అంటారు. లెక్క వేయండి. రెండు టర్నులు ఉంటే, రెండుసార్లు కొట్టినా రెండే, ఒకసారి డాన్స్ చేసి ఒకసారి కొట్టినా రెండే. సమానం. మూడు టర్నులు ఉంటే ఊరికే కొట్టినవాడికి మూడు, డాన్స్ చేసినవాడికి నాలుగు. నాలుగు టర్నులు ఉంటే నాలుగు, ఆరు. ఒకే టర్ను ఉంటే ఒకటి, సున్నా.

వాన కూడా చెప్పాలి. ఆటలో వాన పడుతుంటే థండర్ గురి తప్పదు, ఎండ కాస్తుంటే అక్యురసీ యాభైకి పడిపోతుంది. మన నల్లగొండలో అయితే పికాచుకు థండర్ నేర్పకపోవడమే మంచిది. (నవ్వులు) వానలో నీటి మూవ్‌లు కూడా ఒకటిన్నర రెట్లు అవుతాయి, కాబట్టి గ్యారడోస్‌కూ అది పండగే. ఎవరు తెచ్చుకున్న వాన ఎవరికి పనికొస్తుందో చూసుకోవాలి.

ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఎంచుకుంటారని మొదట్లో చెప్పాను కదా. దెబ్బలు ఏ వరుసలో పడతాయన్నది ముందు ప్రయారిటీని బట్టి, అంటే మూవ్‌కు రాసిపెట్టిన ముందువెనకల అంకెను బట్టి, అది సమానమైతే వేగాన్ని బట్టి. మామూలు మూవ్‌లన్నిటి ప్రయారిటీ సున్నా. క్విక్ అటాక్‌ది ప్లస్ ఒకటి, అందుకని నత్తలాంటి జీవి వేసినా ముందు తగులుతుంది, కానీ పవర్ 40. ముందు తగలడానికి పవర్‌తో ధర చెల్లిస్తున్నాం. ప్రొటెక్ట్‌ది ప్లస్ నాలుగు, ఆ టర్నుకు దెబ్బలు రాకుండా ఆపుతుంది. వరుసగా రెండోసారి వేస్తే పనిచేసే అవకాశం మూడింట ఒక వంతుకు పడిపోతుంది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చినది సకర్ పంచ్. డార్క్ టైప్, పవర్ 70, ప్రయారిటీ ప్లస్ ఒకటి, పీపీ ఐదే. దీనికి ఒక షరతు ఉంది. ఎదుటివాడు అదే టర్నులో దాడి చేసే మూవ్ ఎంచుకొని ఉంటేనే తగులుతుంది. వాడు డాన్స్ చేస్తేనో, ప్రాణం నింపుకుంటేనో వృథా. ఇక చూడండి టెన్షన్. నా జీవి ప్రాణం కొంచెమే మిగిలింది, నీదీ కొంచెమే మిగిలింది, నీ దగ్గర సకర్ పంచ్ ఉందని నాకు తెలుసు. నేను దాడి చేస్తే నువ్వు సకర్ పంచ్‌తో ముందే నన్ను పడగొడతావు. అందుకని నేను స్వోర్డ్స్ డాన్స్ వేస్తాను. నేను డాన్స్ వేస్తానని నువ్వు పసిగడితే మామూలు దాడి వేస్తావు. నువ్వు మామూలు దాడి వేస్తావని నేను పసిగడితే, నా వేగం ఎక్కువైతే, నేనే ముందు కొట్టేస్తాను. ఎప్పుడూ ఒకటే ఎంచుకునేవాడు ఓడిపోతాడు, రెండింటినీ కలిపి కొడుతూ ఉండాలి. ఏది ఎన్నిసార్లు అన్నదానికి కూడా లెక్క ఉంది. దాన్ని గేమ్ థియరీ అంటారు, డిగ్రీలో చదువుకుంటారు. ఇక్కడ కూర్చున్న ఏడో తరగతి పిల్లలు ఇప్పటికే చేస్తున్నారు, పేరు తెలియదు, అంతే.

దెబ్బే వేయని మూవ్ ఒకటి ప్రపంచ కప్పునే గెలిపించిందంటే నమ్ముతారా? 2014లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పోకెమాన్ ప్రపంచ పోటీలు జరిగాయి. ఈ పోటీల్లో అందరి జీవులూ లెవెల్ 50కి వస్తాయి, ఇటు రెండు అటు రెండు ఒకేసారి బరిలో ఉంటాయి. చాలామంది పెద్దపెద్ద జీవులతో వచ్చారు. దక్షిణ కొరియా ఆటగాడు సేజున్ పార్క్ జట్టులో మాత్రం పచిరిసు అనే ఉడుత ఉంది. చూసినవాళ్లు నవ్వుకునే జీవి. దాని మూవ్ ఫాలో మి. ఆ టర్నులో ఎదుటివాళ్ల దాడులు పక్కనున్న తోడుకు తగలకుండా తనవైపు లాక్కుంటుంది. పచిరిసుకు ఉన్న ఇంకో గుణం, ఎలక్ట్రిక్ దెబ్బ తగిలితే నొప్పి ఉండదు సరికదా ప్రాణం పెరుగుతుంది. ఇప్పుడు చెప్పండి, ఎలక్ట్రిక్ దెబ్బకు నాలుగింతలు భయపడే జీవి ఏది? (పిల్లలు: 'గ్యారడోస్!') అతని జట్టులో గ్యారడోస్ ఉంది. ఉడుత ఫాలో మి వేసిన టర్నులో ఎదుటివాడి థండర్‌బోల్ట్ గ్యారడోస్‌కు చేరదు. పార్క్ కప్పు గెలిచాడు. పచిరిసు దాడి బలంతో గెలవలేదు. తన తోడుకు టర్నులు సంపాదించి పెట్టింది.

పాత ఆటల్లో తప్పులు లేవనుకోకండి. మొదటి ఆటల్లో అక్యురసీ 100 ఉన్న మూవ్ కూడా 256 సార్లకు ఒకసారి గురి తప్పేది. కారణం చిన్నది. కంప్యూటర్ సున్నా నుంచి 255 వరకు ఒక అంకె తీస్తుంది. నూరు శాతం అంటే 255 అని రాసుకున్నారు. తీసిన అంకె 255 కన్నా తక్కువైతే తగిలినట్టు. అంకె సరిగ్గా 255 వస్తే? తక్కువ కాదు కదా, తప్పింది. 'తక్కువ' దగ్గర 'తక్కువ లేదా సమానం' అని పెట్టి ఉంటే సరిపోయేది. పరీక్షలో మీరు ఆ గుర్తు కింద గీత మర్చిపోతే మార్కు ఎందుకు కోస్తానో ఇప్పుడైనా తెలిసిందా? అదే ఆటల్లో ఫోకస్ ఎనర్జీ అనే మూవ్ ఉంది, క్రిటికల్ అవకాశం పెంచాల్సింది. పెంచాల్సిన చోట తగ్గించింది, నాలుగో వంతుకు! పాపం, దాన్ని నమ్మి వాడుకున్న పిల్లలు ఎంతమందో.

ఫోన్‌లో పోకెమాన్ గో ఆడేవాళ్లు ఒక సంగతి గమనించండి, అక్కడ ఈ లెక్కలు నడవవు. టర్నులు లేవు, తెరను తడుతూనే ఉండాలి. రెండింతలు అన్నచోట 1.6 రెట్లే, నేల జీవికి కరెంటు సున్నా కాదు, కొంచెం తగులుతుంది. నేను చెప్పిందంతా అసలు ఆట గురించి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: 'సార్, ఆ పికాచుకు ఒక్క దెబ్బకు పడగొట్టే మార్గమే లేదా?')

ఉందన్నా. లైట్ బాల్ అనే వస్తువు ఉంది. పికాచు చేతిలో పెడితే దాడి బలాలు రెండూ రెండింతలు అవుతాయి. 70 కాస్తా 140. అప్పుడు థండర్‌బోల్ట్ దెబ్బ 240కి తగ్గదు, గ్యారడోస్ ప్రతిసారీ పడుతుంది. కానీ ఒక జీవి చేతిలో ఒక్క వస్తువే పట్టుతుంది, అది పెడితే ప్రాణం నింపే పండు పెట్టలేం.

(వెనకనుంచి ఒక అమ్మాయి: 'సార్, గ్యారడోస్ దగ్గర ఎర్త్‌క్వేక్ లేకుంటే? వాటర్‌ఫాల్ ఒక్కటే ఉంటే పికాచు బతుకుతదా?')

మంచి ప్రశ్న తల్లీ. రా, నువ్వే వచ్చి వెయ్యి. గ్యారడోస్ ఫిజికల్ దాడి 145 రాయి, పికాచు ఫిజికల్ రక్షణ 60. వాటర్‌ఫాల్ పవర్ 80. 22 ఇంటూ 80 ఇంటూ 145, భాగారం 60... ఆఁ, 4253. యాభైతో భాగించు. 85. రెండు కలుపు, 87. ఇప్పుడు అదృష్టం బాగా లేదనుకో, 85 శాతం. 73.95 వస్తుంది, కోసెయ్యి. 73. సొంత టైప్ కాబట్టి ఒకటిన్నర రెట్లు, 109 చిల్లర. చిల్లర కోసెయ్యి. పికాచు మీద నీటికి హెచ్చూ తగ్గూ లేదు. ఎంత వచ్చింది?

(అమ్మాయి: 'నూట తొమ్మిది.')

పికాచు ప్రాణం?

(పిల్లలంతా: 'నూట పది!')

ఒక్క పాయింట్ మిగిలింది. 86 శాతం వచ్చినా 111 అయ్యేది, పడిపోయేది. పదహారింట ఒక్కసారి మాత్రమే బతుకుతుంది. బతికిందంటే, ముందు టర్నులో థండర్‌బోల్ట్ తగిలించి ఉంది కదా, వేగం పికాచుదే కాబట్టి తర్వాతి టర్నులో కూడా మొదటి దెబ్బ దానిదే. రెండు థండర్‌బోల్ట్‌లు కలిసి 248 అని ఇందాకే వేశాం. కాబట్టి అమ్మా, వాటర్‌ఫాల్ ఒక్కటే ఉన్న గ్యారడోస్ ఎదురైతే థండర్‌బోల్ట్ లెక్క మళ్లీ మొదటినుంచి కట్టాలి. నూటికి నాలుగు కాదిక, దానికి ఈ పదహారింట ఒకటి కూడా వచ్చి చేరుతుంది. థండర్‌కు ఎంత చేరుతుందో నువ్వు వేసి చూపించు, చాక్‌పీసు నీ దగ్గరే ఉంచుకో.